ముక్త్యాల రేవులో ఫోన్ చూపించిన 43: రాయి, ఇటుక చెప్పే పాత అయస్కాంత కథ

వీడియో చూసే టైం లేనివాళ్ళ కోసం, డేటా మిగుల్చుకునేవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల్ని ఇలా రాతలో పెడుతున్నాం. అక్కడక్కడా కొంచెం సర్దాం, అంతే.

ఈసారి కథ ముక్త్యాల రేవులో మొదలైంది. పొద్దున్నే కోట దాటి కృష్ణ ఒడ్డుకి దిగాం. మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్ తీసి నాకో వీడియో చూపించాడు, వాట్సాప్‌లో ఎవరో ఫార్వర్డ్ చేసింది. ఎర్ర అక్షరాలు, భయంకరమైన మ్యూజిక్కు. "భూమి అయస్కాంత శక్తి అయిపోతోంది, ధ్రువాలు తిరగబడబోతున్నాయి, ఇక అంతా అంతే" అని దాని సారాంశం. "మావయ్యా, నిజమేనా? ఫోన్లు కూడా పనిచెయ్యవంట కదా?" అన్నాడు.

వీడియో పక్కన పెట్టి, ముందు కొలుద్దాం పదరా అన్నాను. చాలా స్మార్ట్‌ఫోన్లలో కంపాస్ కోసం ఒక చిన్న అయస్కాంత సెన్సార్ ఉంటుంది. అది చూపించే అంకె చదవడానికి ఉచిత యాప్‌లు ఉన్నాయి. జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఫైఫాక్స్ అలాంటిదే. యాప్ తెరిచి, బైకుకీ ఇనప చువ్వలకీ దూరంగా జరిగి, ఫోన్‌ని గాలిలో ఎనిమిది అంకెలా రెండు మూడుసార్లు తిప్పి చూశాం. 43కి కాస్త అటూ ఇటూ ఊగుతూ నిలబడింది. మైక్రోటెస్లాలు అన్నమాట. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం బలం సుమారు అంతే. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ అయస్కాంతం దగ్గర దీనికి వంద రెట్ల పైనే ఉంటుంది. అంటే భూమి లాగేది చాలా మెల్లగా.

సరే, ఇవాళ 43. ఇది ఎక్కువా, తక్కువా? తగ్గుతోందంటే ఎప్పటినుంచి, ఎంతతో పోల్చి తగ్గుతోంది? పాత లెక్క తెలియకుండా ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేం. ఆ పాత లెక్క ఎక్కడ దొరుకుతుందన్నదే ఈ ఎపిసోడ్.

పరికరాల వయసు 200 ఏళ్ళు కూడా లేదు

దిక్సూచి ముల్లు ఎటు చూపిస్తోందో ఓడల వాళ్ళు వందల ఏళ్ళుగా రాసి పెట్టుకున్నారు. దారి తప్పకుండా ఉండాలంటే వాళ్ళకి దిక్కు కావాలి మరి. బలం ఎంతన్నది మాత్రం వాళ్ళకి అక్కర్లేకపోయింది, సరిగ్గా కొలిచే పద్ధతీ లేదు. జర్మనీలో కార్ల్ ఫ్రెడరిక్ గౌస్ 1832లో ఆ పద్ధతి కనిపెట్టాడు. అంటే భూమి అయస్కాంత బలాన్ని మనిషి సరిగ్గా కొలవడం మొదలుపెట్టి ఇంకా 200 ఏళ్ళు నిండలేదు.

మన దేశంలో బొంబాయి కొలాబాలో 1841లో అయస్కాంత పరిశీలనలు మొదలయ్యాయి. తర్వాత ఊళ్ళోకి కరెంటు ట్రాములు వస్తే కొలతలు చెడిపోతాయని 1904లో ఆ పని అలీబాగ్‌కి మార్చారు. మన వైపు చూస్తే, హైదరాబాద్ ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐలో, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో, 1964 నుంచి కొలుస్తున్నారు. ఊరు పెరిగి చప్పుడు ఎక్కువైంది. చెవికి వినపడే చప్పుడు కాదండి, కరెంటు తీగలూ రైళ్ళూ బళ్ళూ చేసే అయస్కాంత చప్పుడు. అందుకని చౌటుప్పల్ దగ్గర కూడా ఒక కేంద్రం పెట్టుకున్నారు. జగ్గయ్యపేట నుంచి హైదరాబాద్ బస్సెక్కితే చౌటుప్పల్ మీదుగానే వెళ్తాం. బస్సు టిఫిన్‌కి ఆగినప్పుడు ఒకసారి గుర్తు చేసుకోండి, ఆ చుట్టుపక్కలే ఎవరో భూమి నాడి చూస్తున్నారని.

ఈ కొలతలన్నీ కలిపి చూస్తే, భూమి మొత్తాన్ని ఒకే కడ్డీ అయస్కాంతం అనుకున్నప్పుడు దాని బలం 1840ల నుంచి ఇప్పటిదాకా 9, 10 శాతం దాకా తగ్గింది. కాబట్టి మా వాడి వీడియోలో తగ్గుతోందన్న మాట వరకూ అబద్ధం కాదు. చిక్కు ఎక్కడంటే, భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. మన చేతిలో ఉన్న రికార్డు 200 ఏళ్ళ లోపు. ఒక్క రాత్రి జ్వరం చూసి మనిషి ఆయుష్షు చెప్పినట్టుంటుంది. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే పరికరం లేని రోజుల్లో రాసిన రికార్డు కావాలి. అది రాసిపెట్టింది మనుషులు కాదు, రాళ్ళు.

ఇటుక బట్టీలో జరిగేది ఇదే

రాయికి జ్ఞాపకం ఎలా వస్తుంది? మన వైపు అందరికీ తెలిసిన ఇటుక బట్టీతో మొదలుపెడదాం.

ఇటుక మట్టిలో ఇనుము ఉంటుంది. కాల్చిన ఇటుకకి ఆ ఎరుపు వచ్చేది దాని వల్లే. ఆ ఇనప ఖనిజాల్లో మ్యాగ్నటైట్ అనే నల్లటి రేణువులు కొన్ని ఉంటాయి. ఒక్కొక్కటీ కంటికి ఆననంత చిన్న అయస్కాంతం. బట్టీ వేడి 800 డిగ్రీలు దాటుతుంది. మ్యాగ్నటైట్‌ని 580 డిగ్రీలు దాటించామంటే దాని అయస్కాంత గుణం పోతుంది. ఎటు తిరిగి ఉండాలో తెలియని గుంపులాగా అయిపోతుంది.

తర్వాత మంట ఆరుతుంది, బట్టీ చల్లబడుతుంది. 580 కిందికి దిగుతుండగా రేణువులు ఒక్కొక్కటే మళ్ళీ అయస్కాంతాలవుతాయి. ఆ క్షణంలో వాటి చుట్టూ ఉన్నది భూమి క్షేత్రం. అది మెల్లగా నెడుతుంది కాబట్టి అన్నీ ఒకే వైపు తిరగవు. అటు తిరిగినవి ఇటు తిరిగినవాటికంటే కొంచెం ఎక్కువవుతాయి, అంతే. క్షేత్రం బలంగా ఉంటే ఆ ఎక్కువ ఇంకాస్త ఎక్కువ. బలహీనంగా ఉంటే తక్కువ. పూర్తిగా చల్లారాక ఆ తేడా గడ్డకట్టినట్టు నిలిచిపోతుంది. వందల ఏళ్ళు, వేల ఏళ్ళు, రాయి అయితే కోట్ల ఏళ్ళు.

అగ్నిపర్వతం లావా కూడా ఇంతే. 1,100 డిగ్రీల పైన పైకొచ్చి, పారి, చల్లారి నల్లరాయి అవుతుంది. చల్లారిన రోజున భూమి బలం ఎంతో, దాన్ని తనలో దాచుకుంటుంది.

ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. రేణువులో నిలిచిన అయస్కాంతం ఎంతన్నది, చల్లారేటప్పుడు బయట ఉన్న క్షేత్రం బలానికి అనులోమంగా ఉంటుంది. భూమి క్షేత్రంలాంటి చిన్న బలాల దగ్గర, అది రెట్టింపైతే ఇదీ రెట్టింపు.

మన చుట్టూ ఉన్న రాళ్ళలో ఎవరికి గుర్తుంది?

ముక్త్యాల, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఎక్కడ చూసినా సున్నపురాయే. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది దాని కోసమే. మా మేనల్లుడు రేవులోనే ఒక పలక తీసి "దీనికి గుర్తుంటుందా మావయ్యా?" అన్నాడు. బలం విషయంలో దాన్ని అడిగి లాభం లేదు. సున్నపురాయి పాత సముద్రం అడుగున బురదలా పేరుకుని గట్టిపడింది. కాలి చల్లారలేదు. బురద దిగేటప్పుడు అందులోని రేణువులు కొంత ఉత్తరం దక్షిణం సర్దుకోవచ్చు, కాబట్టి దిక్కు కొంత దొరకొచ్చు. బలం ఎంత అంటే మాత్రం నికరంగా చెప్పలేదు.

ఇప్పుడు ఒక తమాషా చూడండి. జగ్గయ్యపేట అనగానే చరిత్ర పుస్తకాల్లో వచ్చేది బౌద్ధ స్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాల్లో బయటపడింది. మాంధాత చక్రవర్తిని చెక్కిన పలక ఇక్కడిదే, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఇక్ష్వాకుల రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరపు శాసనం కూడా ఇక్కడే దొరికింది. ఆ పలకలన్నీ మన సున్నపురాయే. శిల్పం అద్భుతం, కానీ ఉలితో చెక్కారు తప్ప నిప్పుల్లో వెయ్యలేదు. కాబట్టి ఆ రోజుల్లో భూమి బలం ఎంతో ఆ పలకకి తెలియదు.

స్తూపం లోపల మట్టి పొరల మధ్య పెద్ద పెద్ద ఇటుకలు పరిచారని బర్జెస్ రాశాడు. ఆ ఇటుకలు కాలినవైతే, కాలి చల్లారిన రోజు భూమి బలం వాటిలో ఉంటుంది. అందరూ ఫోటో తీసుకునే పలకలో లేని సమాచారం ఎవరూ తొంగిచూడని ఇటుకలో ఉంటుందన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే? జగ్గయ్యపేట దగ్గర రామన్నపేటలో లాంప్రోయిట్ అనే అరుదైన రాయి ఉంది. భూమి లోతుల్లోంచి కరిగి పైకి తన్నుకొచ్చి చల్లారిన రాయి, వంద కోట్ల ఏళ్ళ పైబడినది. పడమరగా తెలంగాణ వైపు వెళ్తే గ్రానైటు బండల మధ్య నల్లటి గోడల్లాగా పొడవునా సాగే రాతి చారలు కనిపిస్తాయి. వీటిని డైకులు అంటారు. బండ పగిలిన చీలికలోకి కరిగిన రాయి దూరి గడ్డకట్టింది. దక్షిణ భారతంలో ఇలాంటి డైకుల గుంపు ఒకటి సుమారు 237 కోట్ల ఏళ్ళ నాటిది. ప్యారిస్ శాస్త్రవేత్తలూ, మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తా కలిసి అలాంటి డైకుల నుంచి భూమి పాత బలం రాబట్టే పని చేసి 2014లో ప్రచురించారు. తూర్పుకి వెళ్తే రాజమండ్రి దగ్గర కాతేరు, కొవ్వూరు వైపు పంగిడిలో లావా నల్లరాయి ఉంది. మహారాష్ట్ర అంతా పరుచుకున్న దక్కన్ లావాల కాలానిదే, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటిది. మన రోడ్ల కంకరలో కొంత అదే.

దిక్కు చెప్పడం తేలిక, బలం చెప్పడం కష్టం

దక్కన్ లావా ముందుగా పేరు తెచ్చుకున్నది దిక్కుతోనే. 1950లలో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి క్లెగ్, డాయిష్, గ్రిఫిత్స్ అనే ముగ్గురు మన దక్కన్ రాళ్ళు కొలిచారు. రాయిలో నిలిచిన దిక్కు ఎంత వాలుగా ఉందో చూస్తే, అది చల్లారిన చోటు భూమధ్యరేఖకి ఎంత దూరమో లెక్క తేలుతుంది. ఆ లావా పారే రోజుల్లో భారతదేశం భూమధ్యరేఖకి దక్షిణాన ఉందని వాళ్ళు 1956లో రాశారు. ఖండాలు కదులుతాయన్న మాటని చాలామంది నమ్మని రోజులవి. మన రాళ్ళు సాక్ష్యం చెప్పాయి.

దిక్కుకి ఒక సుఖం ఉంది. రాయిలో అయస్కాంతం కొంచెం ఉన్నా, ఎక్కువ ఉన్నా, అది చూపించే వైపు ఒకటే. బలానికి ఆ సుఖం లేదు. పెడన కలంకారీ అద్దకం గుర్తు చేసుకోండి. ఒక గుడ్డ తెచ్చి మీ చేతికిచ్చి, "ఈ గుడ్డని ముంచిన తొట్టిలో రంగు ఎంత చిక్కగా ఉందో చెప్పు" అన్నారనుకోండి. గుడ్డ ముదురుగా ఉంది కాబట్టి తొట్టి చిక్కనిది అనేస్తే తప్పు. నూలు గుడ్డ రంగు బాగా పీలుస్తుంది, టెరికాటన్ తక్కువ పీలుస్తుంది. గుడ్డ ఏ రకమో తెలియకుండా తొట్టి గురించి చెప్పలేం.

రాళ్ళూ అంతే. ఒక రాయిలో మ్యాగ్నటైట్ ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. రేణువుల సైజు వేరు. కాబట్టి రాయి బలంగా అయస్కాంతంలా ఉందంటే ఆనాటి భూమి బలంగా ఉందని కాదు. ఆ రాయికి పీల్చే గుణం ఎక్కువై ఉండొచ్చు.

మరి దారేంటి? అదే గుడ్డని శుభ్రంగా ఉతికి రంగంతా వదిలించండి. ఇప్పుడు చిక్కదనం మనకి తెలిసిన తొట్టిలో ముంచండి. ముందు ఎంత రంగు ఉండేదో, ఇప్పుడెంత అంటిందో పోల్చండి. గుడ్డ అదే కాబట్టి పీల్చే గుణం రెండుసార్లూ ఒకటే. తేడా ఉంటే అది తొట్టిదే.

మరిపించడం, మళ్ళీ నేర్పించడం

రాయితో ఈ పని నమ్మకంగా చేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో ఒక జంట గట్టిపరిచింది, ఎమిల్ తెల్యే, ఒడెట్ తెల్యే. వాళ్ళ ముఖ్యమైన వ్యాసం 1959లో వచ్చింది. వాళ్ళు ఎక్కువగా పనిచేసింది కాలిన మట్టి మీద, పాత ఇటుకల మీద. అందుకే ఇందాక ఇటుకతో మొదలుపెట్టాను.

ముందుగా రాయిని వేలెడంత మందం కడ్డీలా డ్రిల్ చేసి తీస్తారు. చిన్న ముక్కలు కోస్తారు. అందులో ఉన్న పాత అయస్కాంతాన్ని కొలుస్తారు. తర్వాత భూమి క్షేత్రం లోపలికి రాకుండా కప్పు ఉన్న కొలిమిలో పెడతారు.

ఒకేసారి 580 దాకా వేడి చేసి అంతా చెరిపేస్తే పని తొందరగా అవుతుంది కదా అనిపిస్తుంది. కానీ అంత వేడికి రాయిలో ఖనిజాలే మారిపోవచ్చు. సలసల మరిగే నీళ్ళలో ఉతికితే గుడ్డే పాడైనట్టు. తర్వాత అంటిన రంగు పాత గుడ్డది కాదు, పాడైన గుడ్డది. పోలిక చెడుతుంది.

తెల్యే జంట ఉపాయం మెట్లు. రాయిలో అన్ని రేణువులూ ఒకే వేడి దగ్గర మరిచిపోవు. కొన్ని 200 దగ్గర, కొన్ని 350 దగ్గర, కొన్ని 550 దాకా పట్టుకుని ఉంటాయి. అందుకని 100 డిగ్రీలకి వేడి చేసి, క్షేత్రం ఏమీ లేకుండా చల్లార్చి, ఎంత జ్ఞాపకం పోయిందో కొలుస్తారు. మళ్ళీ అదే 100కి వేడి చేసి, ఈసారి తెలిసిన క్షేత్రం పెట్టి చల్లార్చి, ఎంత కొత్త జ్ఞాపకం వచ్చిందో కొలుస్తారు. తర్వాత 150, 200, ఇలా పైకి.

ఒక లెక్క వేద్దాం. అంకెలు అర్థం కావడానికి నేను అనుకున్నవే. కొలిమిలో పెట్టిన క్షేత్రం 40 మైక్రోటెస్లాలు. 300 డిగ్రీల మెట్టుకి రాయి 15 వంతుల పాత అయస్కాంతం పోగొట్టుకుంది, 20 వంతుల కొత్తది సంపాదించింది. 15ని 20తో భాగించి 40తో గుణిస్తే 30. అంటే ఆనాటి క్షేత్రం 30 మైక్రోటెస్లాలు. 400 మెట్టు దగ్గర మొత్తం 30 వంతులు పోయి 40 వచ్చాయి. మళ్ళీ 30 మైక్రోటెస్లాలే. 500 దగ్గర 45 పోయి 60 వచ్చాయి. మళ్ళీ అదే జవాబు. గ్రాఫ్ గీస్తే గీత నిటారుగా, వంకర లేకుండా వస్తుంది. ఒకే సాక్షిని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒకటే మాట చెప్పాడన్నమాట.

అదే 500 దగ్గర 45 పోయి 90 వచ్చాయనుకోండి. వేడికి లోపల కొత్త ఖనిజం పుట్టింది, సాక్షి మాట మార్చాడు. ఆ ముక్కని అక్కడితో వదిలెయ్యాలి.

రాయి మోసం చేసే దారులు

మాట మార్చే సాక్షులు చాలామందే ఉంటారు. చాలా పరిశోధనల్లో సగానికి పైగా ముక్కలు పరీక్షలో ఫెయిలవుతాయి. నెలల తరబడి చేసిన పని పోతుంది. ఫెయిలైనవాటిని పక్కన పెట్టడం, ఎందుకు పెట్టామో చెప్పడం కూడా ఈ శాస్త్రంలో భాగమే.

వేడికి మారిపోవడం మొదటి దారి. రెండోది రేణువు సైజు. మరీ చిన్న రేణువులు మంచి సాక్షులు, ఒక్కొక్కటీ ఒకే అయస్కాంతంలా ఉంటుంది. పెద్ద రేణువు లోపల చాలా వాటాలు, ఒకటి ఇటు ఇంకొకటి అటు. అది ఒక వేడి దగ్గర మరిచి, ఇంకో వేడి దగ్గర నేర్చుకుంటుంది. గీత వంకర పోతుంది.

మూడోది పిడుగు. గుట్ట మీద పైకి కనిపించే బండ మీద ఎప్పుడో పిడుగు పడి ఉంటే, ఆ కరెంటు రాయి పాత జ్ఞాపకం మీద తన గుర్తు రాసేస్తుంది. నాలుగోది చల్లారే వేగం. మందమైన డైకు చల్లారడానికి ఏళ్ళు పట్టొచ్చు, ల్యాబ్‌లో కొలిమి చల్లారేది గంటల్లో. మెల్లగా చల్లారిన రేణువు కొంచెం ఎక్కువ పీలుస్తుంది. లెక్కలో దాన్ని సరిచెయ్యకపోతే పాత భూమి ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది.

అందుకే కొందరు మొత్తం రాయిని వదిలేసి, అందులోని ఒక్క స్ఫటికాన్ని పట్టుకున్నారు. గాజులాంటి ఫెల్డ్‌స్పార్ స్ఫటికం లోపల సన్నటి అయస్కాంత రేణువులు ఇరుక్కుని భద్రంగా ఉంటాయి. అమెరికాలో రాచెస్టర్ యూనివర్సిటీలో జాన్ టార్డునో బృందం లేజర్‌తో వేడి చేసి ఈ పని చేస్తోంది.

ఇంకో సవరణ కూడా ఉంది. ఇవాళ భూమి మీద క్షేత్రం బలం అన్ని చోట్లా ఒకటి కాదు, సుమారు 22 నుంచి 67 మైక్రోటెస్లాల దాకా ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ధ్రువాల దగ్గర దానికి సుమారు రెట్టింపు. కాబట్టి రాయి 30 అని చెప్తే, ఎక్కడ నిలబడి చెప్పిందో తెలియాలి. ఆ చోటు చెప్పేది ఇందాకటి దిక్కు. దిక్కూ బలమూ రెండూ ఉంటేనే భూమి మొత్తం లెక్క తేలుతుంది.

ఇంతకీ రాళ్ళు ఏం చెప్పాయి?

ప్రపంచమంతా ఇటుకలూ కుండపెంకులూ లావా రాళ్ళూ కొలిచి కూర్చితే వచ్చిన కథ ఇది.

రెండు మూడు వేల ఏళ్ళ కిందట, అంటే జగ్గయ్యపేట స్తూపం కట్టిన రోజులూ అంతకు ముందూ, భూమి మొత్తం బలం ఇప్పటికంటే పావు వంతుకి పైగా ఎక్కువ. అంటే తగ్గడం గౌస్ తర్వాత మొదలైంది కాదు. ఎత్తు నుంచి దిగుతున్న బండిని మనం మధ్యలో చూశాం.

సుమారు 41,000 ఏళ్ళ కిందట క్షేత్రం బాగా పడిపోయింది, ఇప్పటి బలంలో పదో వంతు దాకా. లషాంప్ ఘటన అంటారు, ఫ్రాన్స్‌లో ఆ రాళ్ళు దొరికిన ఊరి పేరు మీద. దిక్కు కాసేపు తిరగబడి మళ్ళీ మామూలైంది. ఆ కాలంలో మన మనుషులు ఉన్నారు, బతికారు.

ధ్రువాలు పూర్తిగా మారి అలాగే ఉండిపోయింది చివరిసారి సుమారు 7.8 లక్షల ఏళ్ళ కిందట. దక్కన్ లావాలో ఎక్కువ భాగం పారింది కూడా క్షేత్రం తలకిందులుగా ఉన్న కాలంలోనే. అప్పుడు దిక్సూచి ఉంటే దాని ఉత్తరపు ముల్లు దక్షిణం చూపించేది.

ఇంకా వెనక్కి వెళ్తే, 56.5 కోట్ల ఏళ్ళ కిందటి కెనడా రాళ్ళు ఇప్పటి బలంలో పదో వంతే చూపించాయి. 2019లో వచ్చిన ఆ ఫలితాన్ని బట్టి, భూమి నడిమధ్యన గట్టి ఇనప ముద్ద అప్పుడప్పుడే గడ్డకట్టడం మొదలై ఉంటుందని కొందరి వాదన. ఎందుకంటే భూమి అయస్కాంతం పుట్టేది ఆ ముద్ద చుట్టూ కరిగి తిరుగుతున్న ఇనుములో. లోపల ముద్ద గడ్డకడుతుంటే ఆ కదలికకి కొత్త బలం వస్తుంది. కొండరాయి ముక్కని కొలిమిలో పెట్టి, వేల కిలోమీటర్ల లోతున ఏం జరిగిందో అడుగుతున్నారన్నమాట. దక్షిణాఫ్రికాలో 345 కోట్ల ఏళ్ళ రాళ్ళలో కూడా ఇప్పటి బలంలో సగం నుంచి 70 శాతం దాకా క్షేత్రం ఉందని 2010లో తేలింది. జీవం ఇంకా సూక్ష్మజీవుల దగ్గరే ఉన్న రోజుల్లోనే ఈ గొడుగు ఉంది.

మా మేనల్లుడికి చెప్పిన జవాబు

ఇప్పుడు వీడియోకి వద్దాం. తగ్గుతోందా? అవును. వందేళ్ళకి సుమారు 5 శాతం లెక్కన. అదే వేగంతో తిన్నగా దిగిందనుకున్నా సున్నాకి చేరడానికి ఇంకా దాదాపు రెండు వేల ఏళ్ళు. కానీ అది తిన్నగా దిగుతుందని ఎవరన్నారు? పాత ఇటుకలూ రాళ్ళూ చూస్తే ఎక్కడం దిగడం మామూలే. కోట్ల ఏళ్ళ సగటుతో పోలిస్తే ఇవాళ్టి క్షేత్రం బలహీనమైనది కాదు, కాస్త గట్టిదే అని ఎక్కువ లెక్కలు చెప్తున్నాయి.

అంటే అసలు పట్టించుకోనక్కర్లేదా? అలా కాదు. దక్షిణ అట్లాంటిక్ మీద క్షేత్రం ఇప్పటికే బాగా పలచగా ఉంది. అక్కడ సూర్యుడి నుంచీ అంతరిక్షం నుంచీ వచ్చే కణాలు కిందిదాకా దిగుతాయి. హబుల్ టెలిస్కోపు అటు మీదుగా వెళ్ళేటప్పుడు పరిశీలనలు ఆపుకుంటుంది. ఉపగ్రహాలు తయారుచేసేవాళ్ళకి ఇది రోజువారీ లెక్క. మీ ఫోన్ సిగ్నల్‌ని మోసేది భూమి అయస్కాంతం కాదు, దాని కోసం భయపడక్కర్లేదు. కానీ మ్యాపులో దారి చూపించే ఉపగ్రహాలు ఈ గొడుగు కింద, దాని అంచుల్లో తిరుగుతున్నాయి. అందుకే చౌటుప్పల్లో రోజూ కొలవాలి, కొలిమి దగ్గర రాళ్ళని అడుగుతూనే ఉండాలి.

మా వాడు అంతా విని, "అయితే స్తూపం దగ్గరికెళ్ళి ఒక ఇటుక ముక్క తెద్దామా?" అన్నాడు. వద్దురా అన్నాను. మీకూ అదే చెప్తున్నా. అది పాతకాలపు ఆస్తి, ముట్టుకోకూడదు. పైగా చోటు నుంచి కదిలిన ఇటుక సగం సాక్షే. ఏ పొరలోది, ఎప్పటిది అన్నది తెలియకపోతే అది చెప్పే బలాన్ని ఏ కాలం పక్కన రాసుకోవాలో తెలియదు.

మీరు చెయ్యగలిగింది వేరే ఉంది. ఫోన్‌లో యాప్ పెట్టుకుని మీ ఊళ్ళో అంకె చూడండి. పొలంలో ఒకసారి, డాబా మీద ఒకసారి. డాబా మీద అంకె ఎగుడుదిగుడుగా వస్తే స్లాబులో ఇనుము ఉందని గుర్తు. ఇంట్లో నల్లరాయి రోలో, పొత్రమో ఉంటే సెన్సార్‌ని దానికి ఆనించి మెల్లగా జరపండి. కొన్ని రాళ్ళ దగ్గర అంకె కొంచెం కదులుతుంది. ఆ కదిలిన కొద్దిపాటిలో, ఆ రాయి చల్లారిన రోజు ఎక్కడో ఒక మూల ఉండొచ్చు.

మీ ఊరు పేరూ, మీకొచ్చిన అంకే కింద రాయండి. 43కి మరీ దూరంగా వస్తే దగ్గర్లో ఏముందో కూడా చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి.